యాభై నాలుగు పాయింటు రెండు

ఏలేటిపట్నంలో ఎండ మండిపోతోందని ఎవరైనా అనవచ్చు. దానికి లైసెన్సు అక్కర్లేదు. కాని ఎంత మండిందో చెప్పే అధికారం మాత్రం ఆ ఊళ్ళో ఒక్క మనిషికే ఉంది. ఆవిడ పేరు భ్రమరాంబ.

ఆవిడ నగరపాలక సంస్థవారి వాతావరణ పరిశీలనాలయంలో సీనియర్ అసిస్టెంటు. పరిశీలనాలయం అంటే ఏ అద్దాల మేడో అనుకునేరు. ఎకరం స్థలం, అందులో ఒక పెంకుటిల్లు, పెరట్లో నాలుగు కాళ్ళమీద నిలబడ్డ తెల్ల చెక్కపెట్టె. గాలి ఆడడానికి పెట్టె నాలుగు పక్కలా వాలు పలకలు, లోపల ధర్మామీటర్లు. భ్రమరాంబ తండ్రి అచ్యుతరామయ్యగారు ఆ పెంకుటింట్లోనే కాపురం ఉండి, ముప్ఫై ఏళ్ళపాటు ఆ పెట్టె తలుపు తీసి, అంకె చూసి, రాసి, మూసి, రిటైరయి, కాలం చేశారు. ఆయన తర్వాత ఇద్దరు మారాక, పరీక్ష రాసి ఉద్యోగంలో చేరిన భ్రమరాంబకి అదే సీటు దొరికింది. "కొంతమందికి పుట్టింటినుంచి పొలం వస్తుంది. నాకు పెట్టె వచ్చింది" అంటుంది నవ్వుతూ.

ఇన్నేళ్ళలో ఆ అంకెవల్ల ఎవరికీ లాభమూ లేదు, నష్టమూ లేదు. ఆవిడ రిజిస్టరులో రాసేది, పత్రికవాళ్ళకి ఫోనులో చెప్పేది. జనం మర్నాడు చదివి, "నలభై నాలుగేనా? యాభై ఉంటుందనుకున్నానే" అని కాస్త నిరాశపడి, పేజీ తిప్పేసేవాళ్ళు.

ఈ వేసవిలో కొత్త కమిషనరు వచ్చాడు. ప్రద్యుమ్న అని, ముప్ఫై రెండేళ్ళవాడు, చురుకైనవాడు, మనిషి మంచివాడే. పాత లెక్కలు చూడకుండా ఏ పనీ చెయ్యకూడదని ఎక్కడో శిక్షణలో నేర్చుకొచ్చాడు. ఆయన ఇంట్లో కాఫీ కూడా గత అయిదేళ్ళ సగటు చూసే కలుపుతారని ఆఫీసులో చెప్పుకునేవారు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం తనిఖీకి బయల్దేరిన కమిషనరుకి, మార్కెట్టు వెనక వేపచెట్టు కింద ఇరవైమంది ఆడవాళ్ళు చీపుళ్ళు తలకింద పెట్టుకుని పడుకుని కనిపించారు. నగరం ఊడ్చే ఆడవాళ్ళు. ఎండాకాలం పన్నెండునుంచి నాలుగుదాకా నడుం వాల్చి, ఆ నాలుగు గంటలూ చల్లబడ్డాక సాయంత్రం చెయ్యడం వాళ్ళ ఆనవాయితీ. ఏ కాగితం మీదా లేదు. మేస్త్రి నాంచారమ్మ ఆకాశంకేసి ఒకసారి చూసి "ఇంక చాలు, పదండే" అంటే అదే ఉత్తర్వు.

"ఎవరిచ్చారు ఈ విరామం?" అన్నాడు కమిషనరు.

"ఎండ ఇచ్చింది బాబూ" అంది నాంచారమ్మ, కొంగు సర్దుకుని లేస్తూ.

"ఎంత ఎండ?"

"శానా ఎండ."

"శానా అనేది అంకె కాదమ్మా" అన్నాడు కమిషనరు మర్యాదగానే.

మూడు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. దాని సారాంశం ఇది. వేడి అనేది అభిప్రాయం, రికార్డు అనేది వాస్తవం. ఏ తేదీన నగరంలో చరిత్రలో అత్యధికంగా ఎంత ఉష్ణోగ్రత నమోదైనదో, అంత ఉష్ణోగ్రతను ఆ తేదీన మన పూర్వీకులు తట్టుకున్నట్లు రుజువగుచున్నది. కావున దానిని ఆ తేదీ యొక్క 'చారిత్రక సహన పరిమితి'గా నిర్ణయించడమైనది. సదరు పరిమితి దాటిన రోజున మాత్రమే పారిశుధ్య సిబ్బందికి మధ్యాహ్న విరామము అనుమతించబడును. దాటనిచో, పూర్వీకులు తట్టుకున్నదానిని తట్టుకొనజాలమనుట వారిని అవమానించుటయే అగును.

మొదటిరోజు మే నెల అయిదో తారీకు. ఆ తేదీకి పాత రికార్డు నలభై మూడు పాయింటు ఆరు. రోజు మొత్తంలో ఎక్కువ ఎంతో నాలుగు గంటలకిగాని తేలదు కాబట్టి, నాలుగుంపావుకి భ్రమరాంబ పెట్టె తెరిచి నలభై మూడు పాయింటు తొమ్మిది అని రాసింది. నాలుగున్నరకి, చెమటలు కక్కుతూ ఊడుస్తున్న ఆడవాళ్ళ దగ్గరికి జీపొచ్చి, పన్నెండునుంచి నాలుగుదాకా వాళ్ళు విశ్రాంతికి అర్హులైనట్టు ఒక పత్రం ఇచ్చి వెళ్ళింది.

"ఏం రాశారే ఇందులో?" అంది నాంచారమ్మ, చదువొచ్చిన పిల్లకి అందిస్తూ.

"ఇందాక మనం పొణుకోవచ్చంట."

"అట్టనా. మరి ఇందాకటిని తెచ్చిమ్మను."

దీనిమీద గొడవ జరిగి, ఉత్తర్వు సవరించారు. ఇకనుంచి పన్నెండు మొదలు అరగంటకోసారి అంకె చూడాలి, పరిమితి దాటిన క్షణంనుంచి విరామం. దాంతో రోజూ పన్నెండయ్యేసరికి పరిశీలనాలయం గేటు దగ్గర ఆడవాళ్ళు గుంపుగా చేరడం మొదలైంది. నీడలో కూర్చోడానికి వీలుందో లేదో తెలుసుకోడానికి ఎండలో నిలబడేవాళ్ళు. భ్రమరాంబ పెట్టె దగ్గరికి వెళ్తుంటే అందరూ ఊపిరి బిగబట్టేవాళ్ళు. పరీక్ష ఫలితాలు చెప్పే హెడ్మాస్టరులా అయిపోయింది ఆవిడ బతుకు.

"ఎంతమ్మా?"

"ఒక్క గీత తక్కువ, నాంచారమ్మా."

"ఒక్క గీతే గదమ్మా. కళ్ళజోడు తీసి చూడరాదా?"

"కళ్ళజోడు తీస్తే అసలు అంకే కనపడదే."

"మాకూ అంతే తల్లీ. ఈ ఎండకి కళ్ళే కనపడట్లా. పోయినేడు మా కోటమ్మ ఒక్కపూట నీడకి రాకుండా ఊడిస్తేనే వడదెబ్బ తగిలి మూడు రోజులు ఆస్పత్రిలో పడుంది. ఈ ఏడు ఎవరిని పడుకోబెడతారో మీ పెట్టెనడిగి చెప్పండి."

భ్రమరాంబకి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఒక్క గీత కలిపి రాస్తే ఎవరికి తెలుస్తుంది? కాని తండ్రి చేతిరాత ఉన్న రిజిస్టరులో చూడని అంకె రాయడానికి చెయ్యి రాలేదు. కనీసం రాబోయే రోజుల సంగతైనా చెబితే నాంచారమ్మ మనుషుల్ని తేలిక పనులకి మార్చుకుంటుందికదా అని, మర్నాడు పొద్దున్నే కూర్చుని తేదీలవారీగా పాత రికార్డులు చూడడం మొదలుపెట్టింది. మే పద్దెనిమిది దాకా అన్నీ నలభై నాలుగు, నలభై అయిదు. పందొమ్మిది దగ్గర ఆవిడ వేలు ఆగిపోయింది.

పందొమ్మిది, నలభై తొమ్మిది పాయింటు ఆరు. ఇరవై, యాభై పాయింటు మూడు. ఇరవై ఒకటి, యాభై రెండు పాయింటు ఎనిమిది. అలా పెరుగుతూ పోయి ఇరవై ఆరున యాభై నాలుగు పాయింటు రెండు. అన్నీ ఒకే ఏడు, 1989. అన్నీ తండ్రి ముత్యాల్లాంటి అక్షరాల్లో. మధ్యలో ఇరవై నాలుగో తారీకు ఒక్కటి మాత్రం బుద్ధిగా నలభై నాలుగు పాయింటు ఒకటి దగ్గర ఉంది.

మే ఇరవై ఆరు, 1989. ఆ తేదీ ఆవిడకి రిజిస్టరు చూడకుండానే తెలుసు. ఆవిడ పెళ్ళిరోజు.

ఇంటికెళ్ళి భర్త మృత్యుంజయరావుని అడిగింది. "ఏవండీ, మన పెళ్ళికి పొయ్యి ఎక్కడ తవ్వారో గుర్తుందా?"

"పొయ్యి గుర్తులేదుగాని పొగ గుర్తుంది. పెళ్ళిపీటల మీద నాకు కళ్ళు తిరిగాయి."

"కళ్ళు తిరిగింది పొగకి కాదు. ఉపవాసం ఉండాల్సిన పెళ్ళికొడుకు మా మేనత్త దగ్గర దొంగతనంగా ఆరు బూరెలు తిన్నందుకు."

"అయిదు" అన్నాడు మృత్యుంజయరావు.

భ్రమరాంబకి ఒక్కొక్కటే కళ్ళకి కట్టింది. పెళ్ళి ఆ పెంకుటింట్లోనే జరిగింది. వంటలకి పెరట్లో గాడిపొయ్యి తవ్వారు. నేలలో కందకంలా పొడుగ్గా తవ్వి, నిండా కట్టెలు పేర్చి, వరసగా గుండిగలెక్కించే పెళ్ళిళ్ళ పొయ్యి. పెళ్ళికి వారం ముందునుంచే పిండివంటలు. అది తవ్వింది తెల్లపెట్టెకి సరిగ్గా పడమటి పక్క. మే నెలలో గాలి వీచేదీ పడమటినుంచే. అచ్యుతరామయ్యగారు ఒక చేత్తో వియ్యపురాలికి కాఫీ పంపిస్తూ, రెండో చేత్తో పెట్టె తెరిచి, ధర్మామీటరు ఏం చూపిస్తే అది నిజాయితీగా రాసుకుంటూ పోయారు. ఎందుకు చూపిస్తోందని ఆలోచించే తీరిక ఆడపిల్ల తండ్రికి ఎక్కడిది!

ఇక ఆ అంకెలు ఆవిడకి వంటల జాబితాలా కనిపించాయి. పందొమ్మిదిన జంతికలు. ఇరవైన కాజాలు. ఇరవై ఒకటిన బూందీ, అందుకే ఒక్కసారిగా రెండున్నర డిగ్రీలు లేచింది. ఇరవై మూడున అరిసెలు. ఇరవై నాలుగున వంటమేస్త్రి పేరయ్య, మనవరాలి బారసాల అని వాళ్ళ ఊరు వెళ్ళాడు. పొయ్యి వెలగలేదు. నలభై నాలుగు పాయింటు ఒకటి!

అంటే వచ్చేవారం నుంచి ఆ ఆడవాళ్ళు బూందీ వేడితో పోటీపడాలి. ఎన్నటికీ నెగ్గరు.

ఈ సంగతి కమిషనరుకి చెప్పడానికి ఆవిడ వెళ్ళేలోపే, రిజిస్టరు నకలు ఆయనకి చేరిపోయింది. చేర్చినవాడు గణాంకాధికారి శేషఫణి. ముక్కుమీదికి కళ్ళజోడు జార్చి, ఎదటిమనిషిని రెండో దశాంశ స్థానందాకా చూసే మనిషి. భ్రమరాంబ గదిలోకి అడుగుపెట్టేసరికి ఇద్దరూ వెలిగిపోతున్న మొహాలతో కూర్చుని ఉన్నారు.

"రండి మేడం! యాభై నాలుగు పాయింటు రెండు! మన నగరం ఇంత ఘనత సాధించి ఉండి, ఇన్నేళ్ళూ మరుగున పడిపోయింది. మే పందొమ్మిదినుంచి ఇరవై ఆరుదాకా 'ఉష్ణ వైభవ వారోత్సవాలు' చేస్తున్నాం. కూడలిలో స్వాగత తోరణం. దానిమీద ఈ అంకె" అన్నాడు కమిషనరు.

"సార్, ఆ అంకె ఎండది కాదండీ. నా పెళ్ళిది."



"పెళ్ళికి ఉష్ణోగ్రత ఉంటుందా అమ్మా?" అన్నాడు శేషఫణి.

"పెళ్ళికి ఉండదండీ, గాడిపొయ్యికి ఉంటుంది" అని భ్రమరాంబ మొత్తం విన్నవించింది. జంతికలు, కాజాలు, బూందీ, పడమటిగాలి, బారసాల అన్నీ చెప్పింది.

శేషఫణి ఓపిగ్గా విన్నాడు. "అయితే మీ నాన్నగారు ప్రభుత్వ ధర్మామీటరుతో బూందీ ఉష్ణోగ్రత కొలిచారన్నమాట."

భ్రమరాంబకి చివుక్కుమంది. తండ్రి పేరుకి మచ్చ వస్తుందనే ఆవిడ భయపడింది. "మా నాన్నగారు లేని అంకె రాయలేదండీ. ఉన్న అంకె దాచలేదు. వేసవంతా ఆ ఆడవాళ్ళు ఎండలో మాడకూడదనే చెబుతున్నాను. నా పెళ్ళివంటల వేడి వాళ్ళ నెత్తిమీద పెట్టకండి."

"మీ భావోద్వేగాన్ని గౌరవిస్తున్నాం. కాని రికార్డుని మాటతో కొట్టెయ్యలేం. ఆధారాలుండాలి" అన్నాడు కమిషనరు.

ఆధారాలు మోసుకొచ్చింది. శుభలేఖలో పెళ్ళి తేదీ ఉందిగాని పొయ్యి ప్రస్తావన లేదన్నాడు శేషఫణి. ఆల్బములో ఒక ఫొటోలో తెల్లపెట్టె ఉంది, దానిమీద లడ్డూల పళ్ళెం ఉంది, పక్కన భ్రమరాంబ చిన్నాన్న ఉన్నాడు.

"పొయ్యి కనబడటం లేదు."

"పొయ్యి పక్కన నిలబడి ఫొటో ఎవరు దిగుతారండీ?"

చివరికి వంటమేస్త్రి పేరయ్యని వెతికి పట్టుకొచ్చింది. ఎనభై రెండేళ్ళవాడు. కర్ర పట్టుకుని వచ్చి, కమిషనరు ఎదురుగా కుర్చీలో హాయిగా చేరబడ్డాడు.

"ఆ రోజు పొయ్యి వేడి ఎన్ని డిగ్రీలు ఉండవచ్చునని మీ అంచనా?" అన్నాడు శేషఫణి.

"డిగిరీలు చదువుకున్నోళ్ళకి బాబూ. పిండి చుక్క నూనెలో ఏస్తే ఎంటనే పైకి తేలాల. అదీ లెక్క. మునిగిందా, ఇంకో రెండు కట్టెలు తొయ్యాల."

'ఉష్ణోగ్రత విషయమై సాక్షి నిర్దిష్ట సమాచారము ఇవ్వజాలకపోయెను' అని శేషఫణి రాసుకున్నాడు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని, శాస్త్రీయమైన మార్గం ఒక్కటే ఉందన్నాడు. అదే తేదీల్లో, అదే స్థలంలో, అదే పొయ్యి తవ్వి, అవే వంటలు, అదే మేస్త్రి చేత, అదే క్రమంలో చేయించి చూడాలి.

"పునఃప్రయోగం!" అన్నాడు కమిషనరు, కుర్చీలోంచి సగం లేచి.

"యథాతథంగా ఉండాలి సార్. పెళ్ళికి ఎంతమంది వచ్చారమ్మా?"

"మూడువందలమంది ఉంటారండీ."

"మూడువందల శరీరాల వేడి. అదీ లెక్కలోకి వస్తుంది. ప్రతిరోజూ పన్నెండునుంచి నాలుగుదాకా పందిరికింద మూడువందలమంది కూర్చుని ఉండాలి. ఆ వేళలో అంతమంది ఎవరు దొరుకుతారు?"

భ్రమరాంబ ముప్ఫై ఆరేళ్ళ సంసారంలో ఎన్నో పనులు ఇతరుల ఆలోచనలాగా చేయించిన మనిషి. నేలచూపులు చూస్తూ, "నాకేం తెలుసండీ. నగరం మొత్తం మీద ఊడ్చే ఆడవాళ్ళు మాత్రం సరిగ్గా మూడువందల పన్నెండుమంది ఉన్నారు" అంది.

మర్నాడే ఉత్తర్వు. పారిశుధ్య సిబ్బందిని వారంపాటు 'అతిథి విధుల'కు నియమించడమైనది. సదరు విధులలో ఉన్నవారు పందిరిలో ఆసీనులై ఉండవలెను. లేచి ఏదేని పని చేసినచో ప్రయోగమునకు భంగము కలిగించినట్లు పరిగణించబడును. వడ్డించిన పదార్థమును తిరస్కరించరాదు.

నాంచారమ్మ రెండుసార్లు చదివించుకుంది. "కూకోటమేనా పని?"

"కూర్చోవడమే."

"లేస్తే?"

"మెమో ఇస్తారు."

"మారు అడక్కపోతే?"

"అదీ తప్పే అనుకుంటాను" అంది భ్రమరాంబ.

"ఒసే, ఇన్నారంటే! రేపట్నుంచి ఎవతైనా చీపురు ముట్టుకుందో, ఉద్యోగం ఊడుద్ది!" అని నాంచారమ్మ వెనక్కి తిరిగి కేకేసింది.

పందొమ్మిదో తారీకున పొయ్యి వెలిగింది. పేరయ్య నులకమంచం మీద కూర్చుని కర్రతో చూపిస్తూ మనవలచేత జంతికలు వేయించాడు. పన్నెండున్నరకి భ్రమరాంబ పెట్టె తెరిచి చూస్తే యాభై పాయింటు ఒకటి. పాత రికార్డుకంటే అర డిగ్రీ ఎక్కువ.

"రుజువైంది కదండీ! పొయ్యివల్లే!" అంది సంతోషంగా.

శేషఫణి తల అడ్డంగా ఊపాడు. "పొయ్యీ ఉంది, ఎండా ఉంది. ఎవరి వాటా ఎంతో విడదీయడం ప్రయోగ పరిధిలో లేదు. తేలిందల్లా, ఈ తేదీన ఈ స్థలంలో ఇంత ఉష్ణోగ్రత సాధ్యమేనని. మీ నాన్నగారి అంకె నిజమే. అంతేకాదు, నేడు ఆ పరిమితి దాటింది. కావున సిబ్బంది విరామానికి అర్హులు."

"వాళ్ళు కూర్చునే ఉన్నారు కదండీ!"

"కూర్చోవడం వాళ్ళ విధి. విధిలో ఉన్నవాళ్ళకి విరామం ఇవ్వాలి" అన్నాడు శేషఫణి. కాసేపు ఆలోచించి, ఆ చిక్కు కూడా తనే విప్పాడు. కూర్చునే విధినుంచి విరామం అంటే పడుకోవడం. మైకులో ఆ సంగతి ప్రకటించారు. మూడువందల పన్నెండుమంది ఆడవాళ్ళు జంతికలు కరకర నముల్తూ, ప్రభుత్వ ఉత్తర్వుల మేరకు పక్కకి ఒరిగారు.

అలా వారం గడిచింది. కాజాల రోజు రికార్డు దాటింది, బూందీ రోజు దాటింది, అరిసెల రోజు దాటింది. ఇరవై నాలుగున యథాతథంగా పొయ్యి ఆర్పేశారు. యథాతథంగా ఉండాలంటే బారసాల కూడా జరగాలని శేషఫణి పట్టుబడితే, అదృష్టవశాత్తూ పేరయ్య మునిమనవడికి అది బాకీ ఉంది. ఆ రోజు పాత అంకె నలభై నాలుగు పాయింటు ఒకటే కనుక మామూలు ఎండకే దాటిపోయింది. వారం రోజులుగా నగరంలో చెత్త ఎక్కడిదక్కడే ఉంది. దాని గురించి ఎవరో ఫిర్యాదు చేస్తే, గత ఏడాది ఇదే తేదీన ఎంత చెత్త ఉండేదో లెక్కలు తీయిస్తున్నామని జవాబిచ్చారు.

భ్రమరాంబకి మాత్రం లోపల బెంగ తగ్గలేదు. ఇరవై ఆరుతో పొయ్యి ఆరిపోతుంది. ఇరవై ఏడునుంచి మళ్ళీ అరగంటకోసారి గేటు దగ్గర గుంపు, ఒక్క గీత తక్కువ. పైగా రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ. అప్పుడు ఈ మూడువందలమందిని ఏ పెళ్ళి కాపాడుతుంది?

ఇరవై ఆరు రానే వచ్చింది. ఉష్ణ వైభవం ఆఖరిరోజు. కూడలిలో తోరణం, పరిశీలనాలయంలో సన్నాయి. యాభై నాలుగు పాయింటు రెండుని తన కళ్ళముందే దాటించి, ఆ క్షణాన ఫొటో దిగాలని కమిషనరు స్వయంగా వచ్చాడు, కోటు వేసుకుని. మృత్యుంజయరావు కూడా వచ్చాడు. యథాతథంగా ఉండాలి కాబట్టి ఆయనకి ఒక మూల ఆరు బూరెలు పెట్టారు.

పన్నెండున్నరకి యాభై రెండు. ఒంటిగంటకి యాభై మూడు. ఒకటిన్నరకి యాభై మూడు పాయింటు ఏడు. అక్కడ ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు కమిషనరు.

"కట్టె పచ్చిది బాబూ. విసరాల. మా కుర్రాళ్ళు పులిహోర కలుపుతున్నారు, చేతులు కాళీ లేవు" అన్నాడు పేరయ్య.

"ఎవరైనా విసరండి!"

పందిరిలో ఎవరూ కదల్లేదు. "మేం లేస్తే మెమో బాబూ" అంది నాంచారమ్మ, చాపమీద ఒత్తిగిల్లుతూ. పత్రికలవాళ్ళు కెమెరాలు పట్టుకుని చూస్తున్నారు. కమిషనరు కోటు తీసేసి, తాటాకు విసనకర్ర అందుకుని, పొయ్యి ముందు వంగాడు.

నెత్తిమీద రోహిణి ఎండ. ముందు రెండు నిలువుల పొడవున నిప్పు. పక్కనుంచి వడగాలి. మొదటి రెండు నిమిషాలు ఉత్సాహంగా విసిరాడు. మూడో నిమిషంలో కళ్ళజోడు మసకబారింది. అయిదో నిమిషంలో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఏడో నిమిషంలో నిలబడి, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని రొప్పాడు.

"ఎంత... ఎంతయింది?"

"యాభై నాలుగండీ. ఇంకో రెండు గీతలు దాటాలి" అంది భ్రమరాంబ పెట్టె దగ్గర్నుంచి.

కమిషనరు పందిరివైపు రెండడుగులు వేశాడు.

"అదేంది బాబూ, వచ్చేస్తున్నారు?" అంది నాంచారమ్మ లేవకుండానే. "ఇంకా రికార్డు దాటలేదంటగా. రెండు గీతలేగా. మన తాతలు తట్టుకున్నారు గదా."

పందిరంతా గొల్లుమంది. కమిషనరు ఆవిడకేసి చూశాడు. ఏదో అనబోయాడు, నోరు పిడచగట్టుకుపోయి మాట రాలేదు. వచ్చి చాప చివర కూలబడ్డాడు. నాంచారమ్మే లేచి కుండలోంచి మజ్జిగ ముంచి ఇచ్చింది. "లేచినందుకు మెమో ఇస్తే ఇచ్చుకోండి. ముందు తాగు నాయనా. ఒక్కసారిగా కాదు, గుక్క గుక్క."

మూడు గ్లాసులయ్యాక ఆయనకి మాట వచ్చింది. "శేషఫణిగారూ, రాసుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండునుంచి నాలుగుదాకా బయట ఎవరూ పనిచెయ్యకూడదు. రికార్డుతో నిమిత్తం లేదు. రేపట్నుంచే."

శేషఫణి కలం తీశాడుగాని ముందుకి కదిలించలేదు. "ఆధారం అని ఒక గడి ఉంది సార్. ఏం రాయమంటారు? ఏ సంవత్సరపు లెక్క ప్రకారం?"

"నా ప్రకారం!" అని అరిచాడు కమిషనరు. పందిరి మళ్ళీ గొల్లుమంది. ఉత్తర్వులో ఆ గడి ఇలా నిండింది: 'ఆధారము: శ్రీ కమిషనరు వారి స్వానుభవము, ఏడు నిమిషములు.'

నాలుగు గంటలకి భ్రమరాంబ ఆ రోజుకి చివరిసారి పెట్టె తెరిచింది. యాభై నాలుగు పాయింటు సున్నా దగ్గరే నిలిచిపోయింది. యాభై నాలుగు పాయింటు మూడు అని రాస్తే అడిగేవాళ్ళు లేరు. తోరణానికీ అందంగానే ఉంటుంది. ఆవిడ యాభై నాలుగు పాయింటు సున్నా అని రాసి, ఈసారి మాత్రం పక్కన పొయ్యి ఎక్కడ తవ్వారో, ఎన్ని కట్టెలు పెట్టారో, ఎవరు విసిరారో వివరంగా రాసి సంతకం పెట్టింది.

"దాటలేదా?" అన్నాడు మృత్యుంజయరావు.

"లేదు. మన పెళ్ళిదే ఇంకా రికార్డు."

"ఉండదూ మరి" అన్నాడాయన, ఆరో బూరె నోట్లో వేసుకుంటూ.

మర్నాడు పన్నెండింటికి గేటు దగ్గర ఎవరూ లేరు. ఊడ్చే ఆడవాళ్ళంతా ఎవరి నీడల్లో వాళ్ళు పడుకుని ఉన్నారు. ఆ రోజు నలభై అయిదు పాయింటు రెండు. భ్రమరాంబ పత్రికవాళ్ళకి ఫోను చేసి చెబితే, "అంతేనా మేడం?" అన్నారు.

పది రోజుల తర్వాత ఒక లేఖ వచ్చింది. యాభై మైళ్ళ అవతలి మరో నగరపాలక సంస్థనుంచి. అక్కడి కమిషనరు కూడా చారిత్రక సహన పరిమితిని ఆదర్శంగా తీసుకుని, తమ ఊళ్ళో నాలుగు వారాలుగా అమలుచేస్తున్నాడు. అక్కడి సిబ్బందికి ఒక్కరోజు కూడా విరామం దక్కలేదు. అయితే ఆయన బాధ అది కాదు. తమ నగరం రికార్డు నలభై ఏడు దగ్గర ఆగిపోయిందనీ, పొరుగు నగరం యాభై నాలుగు సాధించిన విధానాన్ని తెలియజేస్తే తామూ వారోత్సవాలు జరుపుకుంటామనీ రాశాడు.

భ్రమరాంబ జవాబు రాయడానికి కూర్చుంది. వంటమేస్త్రి పేరయ్య చిరునామా రాసింది. పొయ్యి పెట్టెకి పడమటి పక్కన తవ్వాలని రాసింది. అతిథులుగా పారిశుధ్య సిబ్బంది మొత్తాన్నీ పందిరికింద కూర్చోబెట్టాలనీ, తక్కువైతే అంకె రాదనీ రాసింది. కలం మూత పెట్టబోయి, మళ్ళీ తీసి, ఇంకొక్క వాక్యం కలిపి, దాని కింద స్కేలుతో గీత గీసింది.

'ముఖ్య గమనిక: పొయ్యి విసరుటకు అలవాటున్నవారు పనికిరారు, కమిషనరుగారే స్వయముగా విసరవలెను.'